కోడె తాడు పట్టుకుని ఇచ్చిన మాట

తండ్రీ రాజరాజేశ్వరా, ముందుగా నీకు నా దండం. నోరిచ్చింది నువ్వు. ఆ నోటికి నీ నామం అలవాటు చేసింది నువ్వు. మనిషి ఏ మూల కూర్చుని ఏ మాట పలికినా నీ చెవిన పడుతుందని చిన్ననాడే నాకు తెలియజేసింది నువ్వు. నీకు జయం, నీ గుడి మెట్లకు జయం. ఇప్పుడు నేను రాయబోయేది కోపంతో రాస్తున్నాను స్వామీ. కోపంలో అబద్ధం దొర్లకుండా చూడు. నా తప్పు దగ్గరికి వచ్చినప్పుడు నా చేయి ఆగకుండా చూడు.

మాది కోరుట్ల. నేను బీడీలు చేస్తాను. చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దు వంగేదాకా లేవను. పెళ్లయి వచ్చిన కొత్తలోనే మా వాడ శివాలయం పంతులుగారి దగ్గర శ్లోకాలు నేర్చుకున్నాను. ఆయన తప్పు పలికితే ఒప్పుకునేవారు కాదు, అర్థం తెలియకుండా పలికితే అసలే ఒప్పుకునేవారు కాదు. ఆయన పోయాక సోమవారం పారాయణం నా మీద పడింది. నేను ఒక పాదం అంటే ముప్పై మంది ఆడవాళ్లు అందుకుంటారు. వాళ్లలో చదువు రానివాళ్లే ఎక్కువ. నా నోట ఏది వస్తే అదే వాళ్లకు శాస్త్రం. అందుకే నోటి విషయంలో నేను భయస్తురాలిని.

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, భవనాలకు రంగులు వేసే పని. మూడేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఒక యుద్ధాల ఆట ఎక్కించాడు. నాకెందుకయ్యా అన్నాను.

"ఫోన్ జేస్తె ఏం మాట్లాడుతున్నమే మనం? తిన్నవా, పన్నవా, వానలు పడ్డయా. గిదైతె ఇద్దరికి ఒక పని ఉంటది" అన్నాడు.

ఆ మాట నిజమే. ఆయన వెళ్లిపోయాక నేను అనుకున్నదానికన్నా ఎక్కువ నిజమైంది. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు ఇద్దరం కలిసి ఆడేవాళ్లం. పక్కపక్కన కోటలు పెట్టుకున్నాం. ఆయన కోట గోడకూ నా కోట గోడకూ మధ్య ఒక చెట్టు పట్టేంత జాగా కూడా లేదు.

తెలియనివాళ్ల కోసం ఆట సంగతి చెబుతాను. ఫోన్‌లో ఒక పెద్ద దేశం పటం ఉంటుంది. ఆడే ప్రతి మనిషికీ అందులో ఒక కోట. సైనికులను బయటికి పంపి ధాన్యం, కలప, ఇనుము తెప్పించుకోవాలి, వాటితో గోడలు పెంచుకోవాలి. ఒంటరిగా ఉంటే ఎవరో ఒకరు వచ్చి కాల్చిపోతారు. అందుకని వంద మంది దాకా కలిసి ఒక అలయన్స్ కడతారు. దానికి ఒక పేరు, ఒక జెండా, ఒక లీడర్. పటం నడిమధ్యన ఒక పెద్ద కోట ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే దేశం వాళ్లది. కోట మీద షీల్డు వేసుకుంటే దాడి నుంచి రక్షణే, కానీ అది కొన్ని గంటలే నిలుస్తుంది. మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి. పని చేసుకుని బతికేవాళ్లకు అది కుదరదు. అలాంటివాళ్లకు పక్క అలయన్స్ ఇచ్చే మాటే షీల్డు.

మా అలయన్స్‌లో జగిత్యాల, కోరుట్ల, రాయికల్ వాళ్లు, మా ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు. లీడర్ మా ఆయనకు దోస్తు. ఏడేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చి జగిత్యాలలో మొబైల్ దుకాణం పెట్టుకున్నాడు. నన్ను వదినె అంటాడు. అలయన్స్‌కు రాయబారం నడిపే పని నాకు అప్పజెప్పింది అతనే. దానికి కారణం నా తెలివి కాదు. నా రెండు చేతులకూ ఆకు, తంబాకు, దారం. టైపు చేసే వీలు లేదు. ఫోన్‌ను గోడకు ఆనించి గ్రూపులో వాయిస్ పంపేదాన్ని. అట్లా నా గొంతు అందరికీ తెలిసిపోయింది.

"వదినె, నీ గొంతుల దేవుడున్నడు. నువ్వు జెప్తె పగోడు గూడ ఇంటడు" అనేవాడు లీడర్.

నాకు సంతోషం వేసేది. అది దాచను.

మా పక్కన ఉన్న పెద్ద అలయన్స్ సిరిసిల్ల వాళ్లది. దాదాపు అందరూ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసేవాళ్లు. ఒక్కో కోటను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఒకడు సాంచెల దగ్గర నిలబడితే ఇంకొకడు కోట చూసుకుంటాడు, షిఫ్టు మారితే కోట చేతులు మారుతుంది. వాళ్ల లీడర్‌కు యాభై దాటాయి. నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. సాంచెల మోతలో వాయిస్ వినపడదు. నా వాయిస్ వచ్చిందంటే కార్ఖానా బయటి మెట్ల మీదికి వచ్చి, ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని వినేవాడట. జవాబు మాత్రం టైపు చేసేవాడు, చిన్న చిన్న మాటల్లో.

సర్కారు చీరల ఆర్డరు వచ్చే కాలంలో ఆయన దగ్గర నుంచి పొడుగాటి సందేశం వచ్చింది. ఇక రెండు నెలలు అందరూ రెండు షిఫ్టులూ చేయాలి, ఫోన్ ముట్టే సందు ఉండదు, ఆర్డరు పూర్తయి దిగేదాకా మీ వైపు నుంచి దాడి లేకుండా చూడు, ఆ తర్వాత రెండు అలయన్స్‌లూ కలిసి నడిమి కోట మీదికి పోదాం అని. అప్పుడు నడిమి కోట ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని ఆడేవాళ్ల చేతిలో ఉండేది. మా ఒక్కళ్లతో కాదు, సిరిసిల్ల ఒక్కళ్లతోనూ కాదు. ఇద్దరం కలిస్తే అవుతుంది. మా లీడర్‌కు చెబితే ఎగిరి గంతేశాడు. సరే అని చెప్పమన్నాడు.

చెప్పాను. సిరిసిల్ల అన్న జవాబు ఇది: "నీ మాట మీద నాకు నమ్మకమే చెల్లె. మీ లీడర్ మీద మావోళ్లకు లేదు. ఏములాడ రాండ్రి. కోడె తాడు పట్టుకొని అనుకుందాం."

మా దిక్కు వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఏములాడ అంటే వేములవాడ. అక్కడ రాజన్నకు, అంటే రాజరాజేశ్వర స్వామికి, కోడెను మొక్కుకుంటాం. టికెట్టు తీసుకుని, కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, తెచ్చి కట్టేస్తాం. ఆ తాడు చేతిలో ఉండగా అబద్ధమాడే మనిషిని నేను ఎరగను. ఎరగను అనే అనుకున్నాను.

"దుకాణం ఇడిసిపెట్టి ఎట్లస్త వదినె? నువ్వు పో. నువ్వు పట్టుకుంటె నేను పట్టుకున్నట్టే గదా" అన్నాడు మా లీడర్.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేనైతే మరిచిపోలేదు.

ఒక సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. సిరిసిల్ల అన్నను మనిషిగా చూడడం అదే మొదలు. సన్నగా, పొడుగ్గా, తలలో దూది పోగులు. స్నానం చేసి వచ్చినా పోలేదవి. టికెట్టు నా పేరు మీద నేనే తీసుకున్నాను, మాట ఇచ్చేది మా వైపు కాబట్టి. ఎర్ర కోడె, బుద్ధిగా నడిచింది. తాడు ముందు వైపు నేను, వెనక ఆయన. మా వెనకే వస్తున్న ఒక ముసలమ్మ ఊరుకోలేక అడిగింది.

"ఏం మొక్కు బిడ్డా? మనుమడు పుట్టిండా?"

"కాదవ్వా" అన్నాడు అన్న. "యుద్ధం ఆపుకున్నం."

"యుద్ధమా? ఏడ?"

"ఫోన్ల."

ముసలమ్మ కాసేపు ఆలోచించింది. "ఏడనన్న కానీయి. ఆపుకున్నరు, మంచిగైంది" అని కోడె వీపు తడిమి ముందుకు పోయింది.

కోడెను కట్టేసే ముందు నేను గట్టిగానే పలికాను. మీ చీరల ఆర్డరు దిగేదాకా మా వాళ్ల సైనికుడు ఒక్కడు కూడా మీ కోట మీదికి రాడు, రాజన్న సాక్షి అని. అన్న తాడు కళ్లకద్దుకున్నాడు. అదే రోజు వాళ్ల గ్రూపులో చెప్పేశాడు: షీల్డుల గురించి పరేషాన్ కాకండి, సైనికులను ధాన్యానికి పంపి నిమ్మలంగా సాంచెల కాడికి పోండి, కోరుట్ల చెల్లె తాడు పట్టుకున్నది అని.

ఆట కోసం దేవుడి ముందు ప్రమాణమేమిటి అని ఇప్పుడు చాలామంది నన్ను అడుగుతున్నారు. నేను ఆట మీద ప్రమాణం చేయలేదు. ఒక మనిషి నా మాట విని తలుపు తెరిచి పెట్టుకుని పనికి పోయాడు. ఆ తలుపు టేకుదైనా, ఫోన్‌లో గీసిన బొమ్మైనా, తెరిచి పెట్టుకున్నది నన్ను నమ్మి. ఆ తలుపులోంచి ఎవరూ పోకుండా చూడడం నా పని. అంతకుమించి నాకు శాస్త్రం తెలియదు.

నెల గడిచింది. ఒక గురువారం మధ్యాహ్నం లీడర్ ఫోన్ చేశాడు.

"వదినె, అలయన్స్ పేరు కలిసొస్తలేదు. మార్సుదామనుకుంటున్న. నువ్వే ఒక మంచి దేవుని పేరు జెప్పు. నీ నోట అచ్చిన పేరైతె మంచిగుంటది."

నేను పొంగిపోయాను. చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, రాజన్న పేరు చెప్పాను. ఇంగ్లీషు పేరు తీసి అదే పెడతానన్నాడు. సాయంత్రానికి పాత అలయన్స్ రద్దయింది, అందరం కొత్తదానిలోకి మారాం. జెండా కూడా మారింది. నంది బొమ్మ పెడితే బాగుంటుందని చెప్పింది కూడా నేనే.

మర్నాడు శుక్రవారం. గల్ఫ్‌లో అందరికీ సెలవు. సిరిసిల్లలో అందరూ సాంచెల దగ్గర. పొద్దున పది గంటలకు నేను కట్టలు లెక్కపెడుతుంటే ఫోన్ వరసగా మోగింది. పటం తెరిచి చూస్తే సిరిసిల్ల కోటలు కాలుతున్నాయి. ఒకటి రెండు కాదు, వాళ్ల వైపు పటమంతా పొగ. సైనికులు ధాన్యం కోసం బయట ఉన్నారు, షీల్డులు లేవు, చూసే కళ్లు లేవు. దాడికి పోతున్న ప్రతి గుంపు మీదా నంది జెండా. నా నోటి నుంచి వచ్చిన దేవుడి పేరు. ఆ గుంపుల్లో మా ఆయన పేరు కూడా కనబడింది. నాలుగు కోటలు కాల్చాడని పక్కన చూపిస్తోంది.

వెంటనే ఫోన్ చేశాను.

"ఎవల మీద కొడుతున్నవయ్యా నువ్వు?"

"లీడర్ జెప్పిండు, కొట్టినం" అన్నాడు. వెనక రూములో వాళ్లు అరుస్తున్నారు, సంబరంగా.

"నేను తాడు పట్టుకున్నది నీకు ఎర్క లేదా?"

"ఎర్కే. గది పాత అలయన్స్ పేరు మీద గదనే. ఇప్పుడు పేరు మారింది."

"పేరు మారితె నేను మారిన్నా?"

"ఆటనే. ఎందుకు గంత గరమైతున్నవ్? నడిమి కోటోళ్లు మనకు ఇనుము ఇస్తమన్నరంట, సిరిసిల్లోళ్లను దెబ్బగొడితె. లీడర్ నెల సంది మాట్లాడుతున్నడు వాళ్లతోని."

నెల నుంచి. అంటే నేను బస్సెక్కి వేములవాడ పోయే నాటికే. పేరు కలిసిరావడం లేదన్నదీ, దేవుడి పేరు చెప్పమన్నదీ, శుక్రవారం పది గంటలన్నదీ ముందే కూర్చుని పేర్చుకున్న పని. నన్ను పంపింది రాయబారానికి కాదు, సిరిసిల్ల వాళ్ల షీల్డులు తీయించడానికి. ఇది అర్థమైనప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. ఆ రోజు ఒక్క బీడీ చుట్టలేదు.

శనివారం జగిత్యాల పోయాను. దుకాణంలో ఇద్దరు ముగ్గురు గిరాకీలు ఉన్నారు. లీడర్ నన్ను చూసి నవ్వుతూ స్టూలు జరిపాడు.

"రా వదినె, కూసో. చాయ్ తాగుతవా? నీ పేరు మస్తు కలిసొచ్చింది."

"ఆ పేరు తియ్యి" అన్నాను.

"ఎందుకు?"

"దేవుని పేరు పెట్టి దొంగ పని జేస్తివి. తియ్యి."

"దొంగ పనేంది వదినె? స్ట్రాటజీ. పురాణాలల్ల దేవుళ్లే మాయ జెయ్యలేదా? నువ్వే గదా అందరికి జెప్పుతవు."

"దేవుడు జేసింది దేవుడే సంభాళించుకుంటడు. నువ్వు దేవునివా?"

గిరాకీలలో ఒకాయన నవ్వాడు. దానితో లీడర్ మొహం మారింది.

"చూడు వదినె, ఒప్పందం జేసుకున్న అలయన్స్ ఇప్పుడు లేనే లేదు. రద్దయింది. తాడు పట్టింది నువ్వు, నేను గాదు. కోడె టికెట్టు మీద నా పేరున్నదా? నీ పేరే ఉన్నది. నా మీద ఏం దోషం లేదు."

"నువ్వు పట్టుకుంటె నేను పట్టుకున్నట్టే అన్లేదా?"

"అంటి. అన్నీ రాసిపెట్టుకుంటరా?"

అతను నాస్తికుడు కాదు. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ మంట. ఆ దుకాణంలో రాజన్న పటం ఉంది, దానికి తాజా పూలదండ ఉంది. దేవుడిని నమ్మనివాడు ప్రమాణం తప్పితే నేను ఇంత బాధపడను. నమ్మేవాడే, కానీ టికెట్టు మీద పేరు ఎవరిదో చూసి దేవుడు లెక్క తేలుస్తాడని నమ్ముతున్నాడు. దేవుడిని ఆఫీసులో గుమాస్తా చేశాడు. కాగితం సరిగ్గా ఉంటే చాలు, గుమాస్తా ఏమీ అనడు. ఇంత పెద్ద అవమానం సిరిసిల్ల వాళ్లకు కూడా జరగలేదు.

సోమవారం పారాయణానికి పోయాను కానీ ముందు కూర్చోలేదు. ఎందుకని అందరూ అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఫోన్ ఆటకు పారాయణం మానుకుంటవా అన్నారు. మాలో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉంది, అందరం పెద్దమ్మా అంటాం. ఆమె నవ్వలేదు.

"మాట ఎవలకు ఇచ్చినవ్ బిడ్డా? ఫోన్‌కా, మనిషికా?"

"మనిషికి పెద్దమ్మా. సిరిసిల్లల ఉంటడు."

"మరి నవ్వుడెందుకే మీరు?" అని వాళ్ల వైపు ఒక చూపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఎన్కకు కూసున్నవు, మంచి పని జేసినవు. ఆ మనిషి మొకం జూసి వచ్చినవా?"

రాలేదన్నాను.

"ఫోన్ల ఇచ్చుకున్న మాట గాదంటివి. ఫోన్లనే తీర్సుకుంటవా మల్ల? పోయి రా."

పోయాను. మర్నాడే. ఆ బస్సులో నేను పడిన సిగ్గు ఎవరికీ వద్దు. కార్ఖానా ఉన్న గల్లీలోకి తిరగగానే సాంచెల మోత చెవులను కమ్మేసింది. తలుపు దగ్గర నిలబడితే లోపలి నుంచి ఒక కార్మికుడు నన్ను గుర్తుపట్టాడు. వేములవాడలో దిగిన ఫోటో వాళ్ల గ్రూపులో ఉంది మరి.

"అన్నా! తాడక్క వచ్చింది" అని మోతను మించి అరిచాడు. "మల్ల ఇంకేం కట్టేసి పోతదో చూడు."

నలుగురైదుగురు నవ్వారు. నేను తల దించలేదు. ఆ మాట నాకు రావాల్సిందే.

అన్న సాంచెలను పక్కవాడికి అప్పజెప్పి బయటికి వచ్చాడు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ చెప్పాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాయ్ గ్లాసు నా ముందుకు జరిపాడు.

"నాకు ఎర్క లేదన్నా" అన్నాను. "రాజన్న మీద... " అని ఆగిపోయాను. ఆ మాట ఇక నా నోట ఎట్లా వస్తుంది?

"నీకు ఎర్క లేదని నాకు ఎర్కనే" అన్నాడు. "ఎర్క ఉంటె నువ్వు ఏములాడ దాకా రావు. ఊకె వాయిస్ పెడుదువు."

"నా కోట మీద షీల్డు తీసేస్త. మీవోళ్లు అచ్చి కాలవెట్టుకోండ్రి. ధాన్యం, ఇనుము అంత తీస్కపోండ్రి. మూడేండ్ల కోట."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ కోట కాలితె మాకేమొస్తది చెల్లె, బూడిదనే గదా. కోటలు మల్ల కట్టుకుంటం. మా కష్టం గది గాదు."

"మరేంది?"

ఆయన లోపలి వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆ మోతలో తగ్గించాల్సిన పనే లేదు.

"షీల్డులు తీయమన్నది నేను. ఏములాడ పోయింది నేను. నేను మోసపోయిన్నా, లేకుంటె మీతోని కలిసి నేనే వాళ్లను మోసం జేసిన్నా అని అడుగుతున్నరు. ముప్పై ఏండ్ల సంది వాళ్లతోని సాంచెలు నడుపుతున్న. ఒకల కాడ ఒక దారం ఎత్తుకపోలే. ఇయ్యాల షిఫ్టు మారంగ నా దిక్కు చూస్తలేరు."

ఇది నేను ఊహించలేదు. నా మాట విరిగి ముక్కలు ఎవరికి గుచ్చుకున్నాయో అప్పుడు కనబడింది. నా ప్రమాణం అంటే నాకూ దేవుడికీ మధ్య సంగతి అనుకుంటూ నాలుగు రోజులు మండిపడ్డాను. ఇక్కడ ఒక మనిషి, నన్ను నమ్మిన పాపానికి, తోటివాళ్ల మధ్య దొంగలా నిలబడ్డాడు.

"నేనేం జెయ్యాలె అన్నా?"

"అందరికి ఎర్కయ్యేటట్టు జెప్పు. మావోళ్లకే గాదు, మీవోళ్లకు గూడ. నాకొక్కనికి జెప్తె లాభం లేదు."

ఆ ఆటలో అలయన్స్ గ్రూపు కాక ఒక పెద్ద గోడ ఉంటుంది. దాని మీద రాసింది దేశం పటంలో ఉన్న ప్రతి మనిషికీ కనబడుతుంది, మన వాళ్లకు, పగవాళ్లకు, నడిమి కోట వాళ్లకు. దాని మీద వాయిస్ పెట్టే వీలు లేదు. రాయాలి. ఇంటికి వచ్చి చాట ముట్టకుండా కూర్చున్నాను. తంబాకు మరక పోని వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. మా వైపు నుంచి ఆర్డరు దిగేదాకా దాడి ఉండదని వేములవాడలో కోడె తాడు పట్టుకుని ప్రమాణం చేసింది నేను. మా లీడర్ తరఫున చేశాను, అతను సరే అన్నాకే చేశాను. పేరు మార్చి దాడి చేశారు. మార్చిన పేరు చెప్పింది నేనే, ఎందుకో తెలియక చెప్పాను. దాడి చేసినవాళ్లలో నా భర్త ఉన్నాడు. సిరిసిల్ల లీడర్‌కు ఇందులో ఏ పాపమూ తెలియదు, ఆయన చేసిన తప్పల్లా నన్ను నమ్మడం. ఇంతే. ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. భర్త మాట తీసేద్దామా అని వేలు ఆగింది. తీయలేదు. పెట్టేశాను.

పది నిమిషాల్లో లీడర్ ఫోన్.

"తియ్యి వదినె. ఇజ్జత్ తీస్తున్నవు."

"నీ పేరు రాయలేదు. లీడర్ అని రాసిన."

"తియ్యి అంటున్న."

"నువ్వు దేవుని పేరు తియ్యి. నేను గిది తీస్త."

ఫోన్ పెట్టేశాడు. ఆ వెంటనే నన్ను అలయన్స్ నుంచి తీసేశాడు. మూడేళ్లుగా ఉన్నచోటు నుంచి నా కోటను మార్చుకోవాల్సి వచ్చింది. మా ఆయన కోట పక్కన ఇప్పుడు ఖాళీ జాగా.

మా ఆయన రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు చేశాడు.

"నా పేరు ఎందుకు రాసినవే? రూంల అందరు నవ్వుతున్నరు నన్ను జూసి."

"నీ పేరు రాయలే. నా భర్త అని రాసిన. అది అబద్ధమా?"

"ఆటనే గదా..."

"ఆటనే అయితె బయటికి రా. ఆటను ఇడిసిపెట్టుడు ఎంత సేపు?"

రూములో ఉన్న పది మందీ ఆ అలయన్స్‌లోనే ఉన్నారు, లీడర్ అందరికీ దోస్తు, వీళ్లను వదిలి వస్తే అక్కడ ఎవరితో మాట్లాడాలి అన్నాడు. ఆయన కష్టం నాకు తెలియదా? పరాయి దేశంలో ఒక రూములో పది మంది మధ్య బతకాలి. కానీ సిరిసిల్లలో ఒక మనిషి ముప్పై ఏళ్లుగా పనిచేసిన చోట తలెత్తి నిలబడలేకపోయాడు. ఆయనకూ పక్కన మనుషులే ఉన్నారు.

వారం తర్వాత సిరిసిల్ల అన్న నుంచి రెండు ముక్కల సందేశం వచ్చింది. "మావోళ్లు సదివిన్రు చెల్లె. నిన్న చాయ్‌కి నన్ను పిలిచిన్రు." అంతే. నన్ను మన్నించామని రాయలేదు. మళ్లీ కలిసి ఆడదామని రాయలేదు. అవి అడిగే హక్కు నాకు లేదు కూడా. ఆయనను చాయ్‌కి పిలిచారు, అది చాలు.

పారాయణంలో నేను ఇంకా వెనకే కూర్చుంటున్నాను. ముందుకు రమ్మని పెద్దమ్మ రెండుసార్లు అన్నది. నేనే పోలేదు. తాడు పట్టి ఇచ్చిన మాట నావైపు నుంచి ఇంకా పూర్తిగా నెరవేరలేదు. నా ఇంటి మనిషి, నాతో ఒకే దీపం ముందు దండం పెట్టుకునే మనిషి, ఆ జెండా కిందే ఉన్నాడు. నా మాటను కాల్చిన వాటిలో నాలుగు మంటలు ఆయన పెట్టినవి. ఆయన నా మీద ప్రేమతో బయటికి రావాలని నేను కోరడం లేదు. నా పోరు పడలేక రావాలని అంతకన్నా కోరడం లేదు. చేసింది తప్పని తెలిసి, ఆ పది మంది ముందు ఆ మాట చెప్పి రావాలి. నేను గట్టిగా చెప్పి చూశాను, మెల్లగా చెప్పి చూశాను. నా గొంతుతో అయ్యేది అయిపోయింది.

అందుకే ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ దేవుడు ఎవరైనా సరే, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అనండి. స్వామీ, దూరదేశంలో ఒక రూములో కూర్చున్న ఆ మనిషికి ధైర్యం ఇవ్వు. నవ్వే పది మంది ముందు లేచి నిలబడే ధైర్యం ఇవ్వు. అట్లాగే జగిత్యాలలో దుకాణం నడుపుకుంటున్న ఆ ఇంకొకరికి సిగ్గు ఇవ్వు తండ్రీ, చెడు ఏదీ చేయకు, సిగ్గు ఒక్కటి ఇవ్వు. శివ శివ. మళ్లీ ఒకసారి అనండి. శివ శివ.